ఆంగ్ల వాక్యములో సంబంధ సర్వనామములు: మన రెండు భాషల వైపు నుండి ఒక పరిశీలన

తెలుగు మాధ్యమము నుండి వచ్చిన విద్యార్థియు, ఉర్దూ మాధ్యమము నుండి వచ్చిన విద్యార్థియు ఒకే బల్లపై కూర్చుండి వ్రాసిన ఆంగ్ల వ్యాసములను దిద్దు పని మాకు చాలకాలముగా కలదు. తప్పులు ఇద్దరును చేయుదురు, కాని ఒకే తప్పులు చేయరు. ఈ భేదము హూ, హూజ్, హూమ్, విచ్, దట్ అను అయిదు చిన్న మాటల యెడ కనిపించినంత స్పష్టముగా మరెచ్చటను కనిపించదు. వీనిని ఆంగ్ల వ్యాకరణమున రిలేటివ్ ప్రొనౌన్లు అందురు. మనము సంబంధ సర్వనామములు అనవచ్చును.

ఈ మాట ఒక్కటే రెండు పనులు చేయును. "ఐ మెట్ ఎ బాయ్", "హి కేమ్ ఫ్రమ్ నల్గొండ" అను రెండు వాక్యములను కలిపి "ఐ మెట్ ఎ బాయ్ హూ కేమ్ ఫ్రమ్ నల్గొండ" అని వ్రాసినప్పుడు, హూ అను మాట వాక్యములను కలుపుచున్నది, హి అను మాట చేయవలసిన పనిని కూడ తానే చేయుచున్నది. కనుకనే దాని వెంట మరల హి రాకూడదు. ఈ ఒక్క విషయము మనసున నాటుకొనినచో సగము తప్పులు తొలగిపోవును.

తెలుగులో ఈ పనికి సర్వనామమే అక్కరలేదు. "నల్గొండ నుండి వచ్చిన బాలుని కలిసితిని" అందుము. ఇందలి "వచ్చిన" అను రూపమును చిన్నయసూరి బాలవ్యాకరణము ధాతుజ విశేషణమనినది. తెలుగునకు వ్యాకరణములు వ్రాసిన పాశ్చాత్యులు దీనినే రిలేటివ్ పార్టిసిపుల్ అనిరి. "ఎవడు వచ్చెనో వాడు" అను పద్ధతియు మనకున్నది గాని, ఇంటిలోను బజారులోను అట్లు మాటలాడువారు అరుదు. మన వాక్యములో వర్ణన ముందు, బాలుడు తరువాత. ఆంగ్లములో బాలుడు ముందు, వర్ణన తరువాత. తెలుగు విద్యార్థి వాక్యమును తలక్రిందులు చేసికొనవలసి యుండును. అయినను అది కొద్ది నెలల అభ్యాసముతో వచ్చును. అసలు చిక్కు వేరొకచోట కలదు.

నేను వ్రాసిన ఉత్తరము. నేను వ్రాసిన కలము. నేను వ్రాసిన బల్ల. ఈ మూడింటను "వ్రాసిన" అను రూపము ఒక్కటే. ఉత్తరమును వ్రాసితినా, కలముతో వ్రాసితినా, బల్లపై వ్రాసితినా అన్నది తెలుగు చెప్పదు, వినువాడు గ్రహించును. మన భాషకు ఇది లోపము కాదు, క్లుప్తత. కాని ఆంగ్లము ఈ విభక్తిని దాచనీయదు. "ది లెటర్ విచ్ ఐ రోట్", "ది పెన్ విత్ విచ్ ఐ రోట్", "ది టేబుల్ ఎట్ విచ్ ఐ రోట్" అని దేనికి దానిని వేరుచేసి అడుగును. "ది పెన్ విచ్ ఐ రోట్" అని మన విద్యార్థి వ్రాసినచో అతడు కలమును ఉత్తరమువలె వ్రాసినట్లగును. "విత్" అను మాట అతని తలంపులోనే లేదు, ఏలయన తల్లిభాషలో దాని జాడ లేదు. ఇట్టి తప్పును ఎఱ్ఱసిరాతో కొట్టివేసినంత మాత్రమున ప్రయోజనము లేదు. "కలముతో" అని ముందుగా అతని నోట పలికింపవలెను.

ఉర్దూ విద్యార్థికి ఈ ఇబ్బంది లేదు. "వో కలమ్ జిస్ సే మైఁ నే లిఖా" అనునపుడు ఆ "సే" అచ్చటనే కూర్చుండి యున్నది. దానిని విత్ చేసిన చాలును. అయితే అతనికి వేరు ఉచ్చులున్నవి. "జో" అను మాట మనిషికిని వస్తువునకును సమానమే. కనుక "ది మ్యాన్ విచ్ కేమ్" అని నిస్సంకోచముగా వ్రాయును. మఱియు ఉర్దూలో "జో లడ్కా కల్ ఆయా థా, వో మేరా భాయీ హై" అని జోకు జతగా వో వచ్చుట సహజము. ఆ అలవాటు చొప్పున "ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే, హి ఈజ్ మై బ్రదర్" అనును. ఆ హి అనునది ఉర్దూ వాక్యపు వో తప్ప మరొకటి కాదు. తెలుగు విద్యార్థి లేనిదానిని మరచును, ఉర్దూ విద్యార్థి ఉన్నదానిని రెండుమార్లు చెప్పును.

ఇచ్చట ఒక ముచ్చట చెప్పక పోలేము. మన హైదరాబాదు ఇండ్లలో వినిపించు దక్కనీలో "తుమ్ దియే సో కితాబ్" అందురు. "నీవిచ్చిన పుస్తకము" అను తెలుగు వాక్యపు కట్టుబాటు ఉర్దూ మాటలు తొడిగికొని నిలిచినట్లు లేదా? తరతరములుగా ద్రావిడ భాషల పొరుగున ఉండి దక్కనీ నేర్చిన నడక ఇది. ఉర్దూ తరగతిలో దీనిని దిద్దవచ్చును గాని, ఇంటిలో అది మానదు. కనుక మన ఉర్దూ విద్యార్థులలో పలువురికి జో మార్గమును తెలుసును, తెలుగు మార్గమును తెలుసును. తెలుగు తోటివారికి ఈ పాఠము చెప్పుటకు మాకంటె వారే తగినవారని మా అనుభవము.

హూ, హూమ్‌ల విషయమున భయపడవలసినంత లేదు. ఉపవాక్యములో కర్త అయినచో హూ, కర్మ అయినచో హూమ్. నేటి సంభాషణలో కర్మస్థానమునను హూ వాడుదురు; ప్రిపొజిషన్ వెంట మాత్రము హూమ్ తప్పనిసరి. "ది మ్యాన్ హూ ఐ థింక్ స్టోల్ ది సైకిల్" అనుచోట ఐ అను మాటను చూచి హూమ్ వ్రాసి పండితులే పొరబడుదురు. ఐ థింక్ అను మాటలను తీసివేసి చదివిన సందేహము తీరును. కర్మస్థానమందలి సర్వనామమును విడిచిపెట్టవచ్చును: "ది బుక్ ఐ బాట్". కర్తృస్థానమున విడువరాదు. "ది బాయ్ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై ఫ్రెండ్" అనునది వాక్యమే కాదు. హూజ్ వస్తువులకును చెల్లును.

ఇక కామా. దీనిని చిన్న గుర్తని తలచి మేమే ఒకమారు చేసిన పొరపాటును చెప్పెదము. కొన్నేండ్ల క్రిందట ఒక విద్యార్థి ఉపకార వేతనమునకై ఒక సంస్థకు దరఖాస్తు వ్రాసి మాకు చూపెను. తండ్రి లేడు, ఉన్న ఒక్క అన్నయు జెడ్డాలో చిన్న కొలువు. "మై బ్రదర్, హూ వర్క్స్ ఇన్ జెడ్డా, సెండ్స్ అజ్ ఎ లిటిల్ మనీ" అని అతడు సరిగానే వ్రాసెను. కామాలు ఎక్కువైనవని తొందరలో మేము రెండింటిని కొట్టివేసితిమి. కామాలు ఉన్నచో అన్న ఒక్కడే, అతడు జెడ్డాలో ఉన్నాడను సంగతి అదనపు సమాచారము. కామాలు లేనిచో అన్నలు పలువురు, వారిలో జెడ్డాలో ఉన్నవాడు అని అర్థము. "తక్కిన సోదరుల ఆదాయమెంత?" అని సంస్థ నుండి జాబు వచ్చినది. లేని సోదరులు లేరని నిరూపించు కాగితములు కూడదీయుటలో గడువు దాటినది. ఆ యేడు ఆ బాలునికి సహాయము అందలేదు. "సార్, నేను కామాలు పెట్టితిని గదా" అని మాత్రము అతడనెను.

తెలుగులో "జెడ్డాలో పనిచేయు మా అన్న" అన్నప్పుడు అన్న ఒక్కడో పలువురో తెలియదు. ఉర్దూ జోకును ఈ భేదము లేదు. రెండు భాషలును హెచ్చరింపనందున మనము ఆంగ్లములో దీనిని ప్రత్యేకముగా నేర్వవలసినదే. అదనపు సమాచారము తెలుపు ఉపవాక్యములో దట్ వాడరాదు. నిర్దేశించు ఉపవాక్యములో వస్తువులకు దట్, అదనపు దానికి విచ్ అని పంచుకొనిన బాగుండునని ఫౌలరు 1926లో సూచించెను. అయినను ఉత్తమ రచయితలందరును అట్లు వ్రాయుట లేదని ఆయనయే ఒప్పుకొనెను. కనుక నిర్దేశక వాక్యమున విచ్ వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించుట న్యాయము కాదని మా అభిప్రాయము.

పాలకవర్గము వారికిని ఒక మాట. "స్టూడెంట్స్, హూ హావ్ నాట్ పెయిడ్ ది ఫీ, మస్ట్ మీట్ ది ప్రిన్సిపాల్" అని ప్రకటన అంటించినచో ఒక్కరును రుసుము చెల్లింపలేదని చాటినట్లగును. మొదటి సంవత్సరపు ఆంగ్ల తరగతులలో ఒక్క నెల పాటు తెలుగు, ఉర్దూ ఉపాధ్యాయులను కూడ కూర్చుండబెట్టి మూడు భాషల వాక్యములను ప్రక్క ప్రక్కన వ్రాయించు ఏర్పాటు చేయవలెనని మనవి.

విద్యార్థులు ఈ క్రింది వాటిని ముందు ఉర్దూలోనికి, పిదప ఆంగ్లములోనికి మార్చి తెచ్చినచో దిద్ది ఇత్తుము. నేను కూర్చున్న కుర్చీ. మేము వచ్చిన బస్సు. అమ్మ కూర తరిగిన కత్తి. నేను ఉత్తరము వ్రాసిన స్నేహితుడు. చివరిదానికి రెండు అర్థములున్నవి. రెండింటిని వ్రాయవలెను.