రక్తంలో మంత్రం: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో విజార్డూ మంత్రాలు వేస్తాడు, సోర్సరరూ వేస్తాడు. జాబితాలు చూస్తే చాలావరకు అవే మంత్రాలు. మరి రెండు క్లాసులెందుకు? (ఒక పాఠకుడు, హన్మకొండ)

సమాధానం: విజార్డుది చదువు. రోజూ పుస్తకం ముందేసుకుని మంత్రాలు సిద్ధం చేసుకోవాలి. సోర్సరర్‌కి పుస్తకం అక్కర్లేదు, శక్తి ఒంట్లోనే ఉంటుంది. 2000లో మూడో ఎడిషన్‌తో ఈ క్లాసు వచ్చినప్పటి నుంచీ తేడా ఇదే. దీనికి నష్టం కూడా ఉంది. 2014 నియమాల్లో మూడో లెవెల్ సోర్సరర్‌కి, చిన్నాచితకా క్యాంట్రిప్‌లు పక్కన పెడితే, వచ్చేది నాలుగు మంత్రాలే. విజార్డు పుస్తకంలో అప్పటికే కనీసం పది ఉంటాయి. కానీ ఆ నాలుగింటినీ సోర్సరర్ తనకు కావలసినట్టు మలుచుకోగలడు. అదే మెటామ్యాజిక్.

ఒక సందర్భం చూడండి. ఇద్దరినీ నోట్లో గుడ్డలు కుక్కి, చేతులు విరిచికట్టి చెరలో పడేశారు. ఇద్దరికీ మిస్టీ స్టెప్ వచ్చు. అది నోటితో పలకాల్సిన మంత్రం కాబట్టి విజార్డు చేయగలిగిందేమీ లేదు. సోర్సరర్ దగ్గర సటిల్ స్పెల్ అనే మెటామ్యాజిక్ ఉంటే చాలు. ఒక్క సోర్సరీ పాయింటు ఖర్చు పెట్టి, పెదవి కదపకుండా, ఊచల సందుల్లోంచి కనిపించే చోటికి, 30 అడుగుల లోపు ఎక్కడికైనా, చేరిపోతాడు. ఈ సన్నివేశం ఒక్కసారి ఆడి చూడండి, మీ సందేహం అక్కడే తీరుతుంది.

ప్రశ్న: పుట్టుకతో వచ్చే శక్తి అంటే కులం గొప్ప చెప్పుకోవడమేనని మా గ్రూపులో ఒకమ్మాయి సోర్సరర్ ఆడనంటోంది. ఆమె మాటలో నిజముందా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

సమాధానం: ఉంది. ఆ మాట కొట్టిపారేయకండి. "మా వంశం గొప్పది, అందుకే నాకీ శక్తి" అనే పాత్ర ఆడితే ఆ వాసన తప్పకుండా వస్తుంది. అయితే నియమాలు మనల్ని అటు నెట్టడం లేదు. ఎవరైనా ఒక కొత్త వంశానికి మొదటి మనిషి కావచ్చని 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్కే ఒప్పుకుంటుంది. ఏదో ఒప్పందమో, అసాధారణమైన సంఘటనో జరిగితే చాలు. వైల్డ్ మ్యాజిక్ అనే సోర్సరర్ రకానికైతే తాతముత్తాతలతో పనే లేదు.

పైగా ఈ శక్తి చెప్పినట్టు వినేది కాదు. 2014 నియమాల్లో వైల్డ్ మ్యాజిక్ సోర్సరర్ మంత్రం వేశాక, డంజన్ మాస్టర్ అడిగితే 20 ముఖాల పాచిక వేయాలి. 1 పడిందా, పెద్ద పట్టికలోంచి ఏదో ఒకటి మీద పడుతుంది. ఫైర్‌బాల్ తన చుట్టూనే పేలవచ్చు, మళ్లీ తన వంతు వచ్చేదాకా కుండీలో మొక్కై కూర్చోవచ్చు. ఇందులో హోదా ఎక్కడుంది?

అందుకే పాత్రను రాజుల ఇంట్లో పుట్టించకండి. కూలి చేసుకునే ఇంట్లో పిల్లకు ఒకరోజు మోచేతుల మీద డ్రాగన్ పొలుసులు లేచాయనుకోండి. తల్లి వాటిని ఎలా దాస్తుంది? ఊళ్లో ఎవరు పలకరించడం మానేస్తారు? మీ స్నేహితురాలికి ఈ పాత్ర ఇచ్చి చూడండి. పుట్టుకను బట్టి మనిషిని చూసే లోకం ఎంత అన్యాయమైనదో ఆమె మిగతా అందరికంటే బాగా ఆడి చూపిస్తుందని నా నమ్మకం.

ప్రశ్న: పాత్‌ఫైండర్ ఆటలో సోర్సరర్‌కి ఏ బ్లడ్‌లైన్ తీసుకుంటే లాభం? (ఒక పాఠకుడు, డల్లస్)

సమాధానం: 2019లో వచ్చిన రెండో ఎడిషన్‌లో మీ మంత్రాలు ఏ సంప్రదాయానివో బ్లడ్‌లైనే నిర్ణయిస్తుంది. ఏంజెలిక్ అయితే డివైన్, ఫే అయితే ప్రైమల్, అబెరెంట్ అయితే ఆకల్ట్. గుంపులో గాయాలు మాన్పేవాళ్లు లేకపోతే ఏంజెలిక్ తీసుకోండి. లాభనష్టాల లెక్క అక్కడితో ఆపేయండి. మీ పూర్వీకుడు ఇంకా బతికే ఉన్నాడా, ఉంటే మీ నుంచి ఏం ఆశిస్తున్నాడు? ఈ రెండింటికీ జవాబు రాసి, మొదటి ఆటకు ముందే గేమ్ మాస్టర్ చేతికివ్వండి.