కుల్కచర్ల పేరుతోనే అమ్ము

తాండూరు

బిడ్డా,

కుల్కచర్లలో చిన్న పప్పు మిల్లు బిగించావనీ, ప్యాకెట్ మీద ‘అసలైన తాండూరు కందిపప్పు’ అని వేసి పెద్ద కంపెనీల కన్నా కిలోకు అయిదు రూపాయలు తక్కువకు అమ్ముతావనీ మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. మిల్లు సంగతి విని సంతోషపడ్డాను. మిగతా రెండూ వద్దు. తాండూరు మిల్లుల్లో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కదా, ముందు లెక్కే చెబుతాను.

2025–26కు కేంద్రం ప్రకటించిన కంది మద్దతు ధర క్వింటాలుకు 8000 రూపాయలు. మార్కెట్లో కాస్త అటూ ఇటూ ఉంటుంది, మన లెక్కకు అదే పట్టుకుందాం. క్వింటాలు కందికి పెద్ద మిల్లులో 75 కిలోల పప్పు దిగిందనుకో, కిలోకు కంది ఖర్చు సుమారు 107 రూపాయలు. నీ చిన్న మిషన్‌లో 70 కిలోలే దిగితే అదే ఖర్చు 114 దాటుతుంది. కరెంటు, కూలి, ప్యాకెట్, కిరాయి ఇంకా కలపనే లేదు, అప్పుడే ఏడున్నర రూపాయలు వెనకబడ్డావు. దాని మీద ఇంకో అయిదు తగ్గిస్తానంటున్నావు! పొట్టు, చుని పశువుల దాణాకు అమ్మితే కొంత తిరిగి వస్తుంది నిజమే, కానీ అది వాళ్లకూ వస్తుంది. పైగా పెద్ద మిల్లులవాళ్లు ఇక్కడి పంట రానప్పుడు మొజాంబిక్ నుంచో, బర్మా నుంచో వచ్చిన కందిని ఆడించి గిరాకీ నిలుపుకుంటారు. కిరాణా దుకాణానికి నెలల తరబడి ఉద్దెర ఇచ్చి ఊరుకోగలరు. ధర దగ్గర వాళ్లతో పోటీకి దిగితే రెండో సంక్రాంతి నాటికి నీ మిషన్ అమ్మకానికి వస్తుంది. ఇది శాపం కాదు, లెక్క.

ఇక పేరు సంగతి. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాన్ని తెచ్చుకున్నది ఏ సేటూ కాదు, యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. సున్నపురాయి పొరలున్న ఇక్కడి నల్లరేగడి, అందులోని అట్టాపుల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, పప్పు రుచి, వండాక తొందరగా పాచిపోని గుణం, ఇవన్నీ చూపించి ఆ గుర్తింపు సాధించారు. ఆ పేరు వాడాలంటే పంట ఆ గుర్తింపు పత్రంలో చెప్పిన హద్దులో పండాలి, నువ్వు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. 1999 నాటి చట్టం ప్రకారం తప్పుడు గుర్తింపు అంటించి అమ్మితే కనీసం ఆరు నెలల జైలు, 50 వేల జరిమానా. మన చేను చల్క. అది ఆ హద్దులోకి వస్తుందో లేదో చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీ నుంచి ఆ పత్రం తెప్పించుకుని చూడు. వస్తే నమోదు చేయించుకో. అయినా నా మాట వేరే ఉంది. బజారులో ప్రతి రెండో సంచి మీదా ‘తాండూరు’ అని ఉంటుంది. నూరు మంది పెట్టుకున్న పేరే నువ్వూ పెట్టుకుంటే నిన్ను ఎవరు గుర్తుపడతారు? ‘కుల్కచర్ల కందిపప్పు’ అని వెయ్యి. ఈ రోజు ఆ పేరుకు బజారులో విలువ లేకపోవచ్చు. లేదు కాబట్టే అది నీకు ఖాళీగా దొరుకుతోంది.

పేరు ఒక్కటే చాలదు, వాళ్లు చేయలేనిది నువ్వేం చేయగలవో చూడు. పెద్ద మిల్లు గోదాములో సేడం సంచి, కలబురగి సంచి, ఆఫ్రికా సంచి పక్కపక్కనే ఉంటాయి. మిషన్‌లో పడ్డాక ఏది ఎవరి చేనుదో ఆ సేటే చెప్పలేడు. నువ్వు చెప్పగలవు. ప్యాకెట్ మీద ప్యాక్ చేసిన నెల, నికర తూకం, గరిష్ఠ ధర, నీ చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఎలాగూ వేయాలి, ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల 14 అంకెల నంబరూ వేయాలి. అవి అందరూ వేస్తారు. నువ్వు ఇంకో రెండు గీతలు కలుపు: ఏ ఊరి కంది, ఏ వారంలో ఆడించింది. చాలా ఇళ్లలో పప్పు మీద వచ్చే ఫిర్యాదు ఒక్కటే, ‘ఉడకలేదు’ అని. నిలవ పెరిగిన కొద్దీ పప్పు మొండికేస్తుంది. ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా ఆడించి పంపడం చిన్న మిల్లుకే సాధ్యం, అదే నీ బలం. అంటే గోదాము నిండా పప్పు చేసి కూర్చోకూడదు. కందిగా నిలవ ఉంచి, ఆర్డర్‌ను బట్టి ఆడించు.

మెరుపు కోసం పాకులాడకు. పప్పుకు నిగారింపు రావాలని నీళ్లో, నూనో పట్టించి రుద్దుతారు. చూపుకు బాగుంటుంది, రుచికి దానితో పనేమీ లేదు. వెనకట మన ఇళ్లలో కందులు నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి ఇసురాయిలో విసిరేవాళ్లు. ఆ పప్పు ఎప్పుడైనా మెరిసిందా? నీ పప్పు కాస్త మసగ్గా, అక్కడక్కడ పొట్టు మచ్చతో ఉంటుంది. అదెందుకో ప్యాకెట్ వెనక రెండు ముక్కల్లో రాయి, కొనేవాళ్లు అనుమానపడకుండా. ‘ఆర్గానిక్’ అని మాత్రం ధ్రువపత్రం లేకుండా రాయకు. పాలిష్ చేయని పప్పుకు పురుగు తొందరగా పట్టే భయమూ ఉంది, బాగా ఎండితే గాని ప్యాకెట్ మూయకు. ఎవరైనా పురుగుందని ఫోన్ చేస్తే వాదించకు, ఇంకో ప్యాకెట్ పంపు. ఆ ఫోన్ నువ్వే ఎత్తాలి సుమా, మీ తమ్ముడు కాదు. వాడి నోరు నాకు తెలుసు.

ఎక్కడ అమ్మాలన్నావట. పరిగి కిరాణాల చుట్టూ తిరగకు, ఉద్దెరలో మునుగుతావు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు దాని పేరు విన్నవాళ్లే లేరు. ఆయన సంగీత సభలకు వచ్చినవాళ్లకు దాన్ని ఊరికే పంచారు. గంటల తరబడి కూర్చుని కచేరీ వినేవాళ్లకు తలనొప్పి మందుతో అవసరం పడదా! మనిషిని ఎంచుకుని చేతిలో పెట్టారన్నమాట. నీకూ అలాంటి చోటుంది. పాంబండ రామలింగేశ్వరుడి దర్శనానికి వచ్చేవాళ్లలో మన వైపు నుంచి పట్నం పోయి స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. ఊరి పప్పు రుచి తెలిసిన నాలుక వాళ్లది. అక్కడ పావు కిలో పొట్లాలు ఊరికే ఇవ్వు, మీద ఫోన్ నంబరుతో. నచ్చినవాళ్లు నెలకు రెండు కిలోలు పంపమంటారు, డబ్బు ముందే వేస్తారు. వంద ఇళ్లు కుదిరితే మొదటి ఏడాదికి అది చాలు. కొందరు యాభై కిరాణాల్లో పెడితేనే వ్యాపారమంటారు. వాళ్ల మాట నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

మిషన్ మీద సబ్సిడీ సంగతీ అడిగావట. చిన్న ఆహార పరిశ్రమలకు 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ఖర్చులో 35 శాతం, పది లక్షలకు మించకుండా ఇచ్చేవారు, బ్యాంకు అప్పుతో ముడిపెట్టి. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో వికారాబాద్‌లో కనుక్కో. సబ్సిడీ వస్తుందని మాత్రం పెద్ద మిషన్ వైపు చూడకు.

చివరగా ఒకటి. మీ బాపు తన కందులు ఊరికే తీసుకొమ్మంటాడు. తీసుకోకు. ఆ రోజు మార్కెట్ ధర కట్టి, తూకం వేసి, డబ్బు ఇచ్చి కొను. ఇంటి కందికి ఖర్చు లేదనుకుని ధర పెడితే, మార్చిలో అవి అయిపోయాక పక్కింటి రైతు దగ్గర కొనేటప్పుడు నీ ధర నిలవదు, అప్పుడు పెంచితే ఆ వంద ఇళ్లూ అడుగుతాయి. తూకం చీటీ కూడా రాసి ఆయన చేతికివ్వు. కోప్పడతాడు, అయినా ఇవ్వు.

మీ పెద్దనాయన