పడమటి మండలాల పెరట్లో రెండు రంగుల ఆకుల హైడ్రాంజియా

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. తూర్పు మైదానాలతో పోలిస్తే ఇక్కడ ఎండ కాస్త తక్కువ, రాత్రిళ్లు చల్లన. అందుకే ఊటీ, కొడైకెనాల్ తోటల్లో కనిపించే హైడ్రాంజియాను మన పెరట్లోనూ పెంచుకోవచ్చు. అయితే ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ పూసినంతగా ఇక్కడా పూయాలని ఆశించకూడదు. మొగ్గ కట్టాలంటే ఈ మొక్కకు కొన్ని వారాలపాటు 18 డిగ్రీల లోపు చలి కావాలి. తెలుపు, మీగడ రంగు అంచులు, చారలు ఉన్న ట్రైకలర్, మారీసీ వేరిగేటా వంటి రకాలను ముఖ్యంగా ఆకు అందం కోసం పెంచుతారు. పూత తగ్గినా లోటు తెలియదు కనుక మనకు ఇవే మేలు. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వాన పడి నేల చల్లబడ్డాక నాటుకోవాలి.

స్థలం: ఆకులోని తెల్లని భాగంలో పత్రహరితం ఉండదు. ఎండ దెబ్బకు ముందు మాడేది అదే. ఉదయం రెండు మూడు గంటలు లేత ఎండ తగిలి, ఆ తర్వాత నీడ పడే తూర్పు లేదా ఉత్తరం వైపు అనుకూలం. మరీ చీకటి నీడలో కొమ్మలు సన్నగా సాగిపోతాయి. మామిడి, చింత చెట్ల కింద వేళ్ల పోటీ ఎక్కువ, అక్కడ నేలలో కాకుండా కుండీల్లో పెట్టాలి. టమాటా నారు పెంచే షేడ్‌నెట్ ఉన్న రైతులు అందులోనే ఓ మూల పెంచుకోవచ్చు.

నేల: అడుగున్నర లోతు, వెడల్పు ఉండేలా గుంత తీసి ఎర్రమట్టి, బాగా చివికిన ఆకు ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి నింపాలి. కొబ్బరి పొట్టును ముందుగా నీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టాలి. సున్నం, సిమెంటు కొత్తగా పూసిన గోడలకు ఎడంగా నాటాలి. రెండు నెలలకోసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు చాలు. యూరియా అతిగా వేస్తే ఆకులు మెత్తబడి తెగుళ్లకు లొంగుతాయి.

నీరు: నీడ బాగున్నా మొక్క ఎదగలేదంటే నీటిని అనుమానించాలి. కుళాయి మూతికి తెల్లని పెచ్చు కట్టే బోరు నీళ్లు పోసేకొద్దీ నేల క్షార గుణానికి మారి, మొక్కకు ఇనుము అందదు. అంచున ఉండే తెలుపు సహజం. లేత ఆకుల్లో ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపు తిరిగితే అది ఇనుము లోపం. లీటరు నీటికి 3 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ముందు ఒక కొమ్మపై పరీక్షించి, సాయంత్రం పూట వారం ఎడంతో రెండుసార్లు పిచికారీ చేయాలి. కప్పు మీద పడే వాన నీటిని డ్రమ్ముల్లో పట్టి ఈ మొక్కలకే వాడుకోవడం అసలైన మందు. మొక్క మొదలు చుట్టూ రెండంగుళాల మందాన ఎండాకులు పరిస్తే తడి నిలుస్తుంది. నీరు మాత్రం నిలవకూడదు, వేరు కుళ్లుతుంది.

పూల రంగు: నేల ఉదజని సూచిక 5.5 లోపు ఉంటే నేలలోని అల్యూమినియం మొక్కకు అంది పూలు నీలంగా వస్తాయి. 6.5 దాటితే గులాబి రంగు. బోరు నీటి తోటల్లో గులాబి రంగే ఎక్కువగా చూస్తాం.

కత్తిరింపు: చారలు లేకుండా పూర్తి పచ్చగా వచ్చిన కొమ్మలను కనిపించిన వెంటనే మొదలంటా తీసేయాలి. అవి బలంగా ఎదిగి చారల కొమ్మలను అణచేస్తాయి. పూత పాత కొమ్మల మీద వస్తుంది కాబట్టి పూలు వాడిన వెంటనే కత్తిరించాలి. చలికాలంలో కత్తెర పెడితే మొగ్గలు పోతాయి.

చీడపీడలు: పొడి ఎండల్లో ఆకుల అడుగున ఎర్రనల్లి చేరుతుంది. ఆకుల అడుగు తడిసేలా నీళ్లు కొట్టి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె పిచికారీ చేయాలి. మబ్బు, మంచు రోజుల్లో వచ్చే బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు వాడాలి. ఎండ ముదిరిన వేళ గంధకం కొట్టకూడదు. వేపనూనె కొట్టాక రెండు మూడు వారాలు ఆగి గంధకం వాడాలి.

కొత్త మొక్కలు: విత్తనంతో చారలు నిలవవు. తెలుపు, పచ్చ రెండూ సమంగా ఉన్న, పూత లేని కొమ్మల నుంచి నాలుగంగుళాల ముక్కలు తీసి, ఆకులను సగానికి కోసి, కొబ్బరి పొట్టు, ఇసుక మిశ్రమంలో గుచ్చితే మూడు నాలుగు వారాల్లో వేర్లు వస్తాయి. పూర్తిగా తెల్లబడిన కొమ్మలు బతకవు.

హెచ్చరిక: ఈ మొక్క ఆకులు, మొగ్గలు పశువులకు విషం. పెరట్లో పుంగనూరు ఆవును, మేకలను కట్టేసేవారు మొక్కకు కంచె వేయాలి. కత్తిరించిన కొమ్మలను గాటిలోకి పోనివ్వకూడదు.

అమ్మకం ఆలోచనతో ఒకేసారి వందల మొక్కలు కొనవద్దు. ముందు నాలుగైదు కుండీలు పెట్టి చూడండి. మీ నీటితో, మీ నీడలో ఏప్రిల్, మే ఎండలను తట్టుకున్న మొక్కల నుంచే కొమ్మలు తీసి పెంచుకోండి.