మన మూడూళ్ల మాటలు – భాషాశాస్త్ర శాఖలు

భాషాశాస్త్రమనగా వ్యాకరణమునకే మరియొక పేరని మన విద్యార్థులలో పెక్కుమంది తలంపు. బడిలో చదువు వ్యాకరణము ఇట్లు పలుకవలెనని విధించును. భాషాశాస్త్రము జనులు ఎట్లు పలుకుచున్నారో పరిశీలించి, అందలి నియమమును వెదకును. ఈ భేదము చిన్నదిగా తోచును గాని, ఇంటి మాటను తరగతిలో పలుకుటకు సిగ్గుపడువానికి చాల పెద్దది. "నక్కో" అన్నందుకు నవ్వులపాలైనవారును, "వచ్చినాడు" అన్నందుకు దిద్దబడినవారును మనలో లేకపోలేదు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరములలో తెలుగు, ఉర్దూ, కన్నడము వినబడుచునే యుండును గనుక ఉదాహరణలకై మేము దూరము పోలేదు.

ధ్వనులు నోట పుట్టు తీరును తెలుపునది ధ్వనిశాస్త్రము. వానిలో ఏవి అర్థభేదమును కలిగించునో తేల్చునది వర్ణశాస్త్రము. "కాలి", "గాలి" అను మాటలలో తొలి హల్లు మారగానే అర్థము మారినది. కావున క, గలు తెలుగున వేర్వేరు వర్ణములు. ఉర్దూలో "కానా" అనిన ఒంటికన్నువాడు, "ఖానా" అనిన భోజనము. అచ్చతెలుగు మాటలలో ఒత్తు పలుకుటచేత ఇట్టి భేదము కలుగదు. తెలుగు బాలుడు ఒత్తులు విడుచుట వెనుక ఉన్నది ఈ నియమమే గాని అశ్రద్ధ కాదు. అటులనే దక్కనీ ఉర్దూలో "కాఫ్" అను అక్షరమును "ఖే" వలె పలుకుట నోరు తిరుగకపోవుట కాదు, క్రమబద్ధమైన మార్పు.

పదముల కూర్పును పరిశీలించునది పదనిర్మాణశాస్త్రము. ప్రామాణిక ఉర్దూలో "కితాబ్"కు బహువచనము "కితాబేఁ". దక్కనీలో "కితాబాఁ", "లోగ్"కు "లోగాఁ". హల్లుతో ముగియు మాటలకు లింగభేదమును పాటింపక ఒకే ప్రత్యయము చేర్చుట ఇందలి సూత్రము. ఇక "వచ్చినాడు" సంగతి: కోస్తా జిల్లాల "వచ్చాడు" దీని కుదింపే. నిండు రూపమును నిలుపుకొన్నవానిని దిద్దుట మాకు వింతగా తోచును.

వాక్యనిర్మాణమున మన ప్రాంతపు విశేషము మరింత స్పష్టము. "వస్తానని చెప్పినాడు" అను వాక్యములోని "అని", "అను" ధాతువునుండి పుట్టినది. ప్రామాణిక ఉర్దూ ఇచ్చట "కహా కి" అని మొదలిడి, చెప్పిన మాటను వెనుక చేర్చును. దక్కనీ అట్లు చేయదు. "ఆతుఁ బోల్కే బోలా" అనును. "బోల్కే" అనగా "చెప్పి". మాటలు ఉర్దూవి, అమరిక తెలుగుది! మహారాష్ట్రలోని కుప్వాడ్ గ్రామమున కన్నడము, మరాఠీ, ఉర్దూల వాక్యరీతులు ఇట్లే ఒకదానికొకటి చేరువైనవని గంపెర్జ్, విల్సన్ అను పండితులు 1971లో ప్రకటించిరి. దీనిని భాషాసంపర్క మందురు. "నక్కో" కూడ మరాఠీ "నకో" నుండి వచ్చినదే. గోల్కొండను 1580 నుండి 1612 వరకు ఏలిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వము చెప్పినది ఈ దక్కనీలోనే. సుల్తానుకు తగిన భాష మనకు తగదా?

అర్థవిచారమునకు ఒక్క మాట చాలును. అరబ్బీలో "గరీబ్" అనగా పరదేశి. ఉర్దూలోను, తెలుగులోను బీదవాడు. భాషల పుట్టుపూర్వములను తెలుపునది చారిత్రక భాషాశాస్త్రము. తెలుగు, తమిళము, కన్నడములు ఒక కుటుంబమువని ఎల్లిస్ దొర 1816లో నిరూపించెను. పెనుకొండ, లేపాక్షులలోని కన్నడ శాసనములు ఈ శాఖవారికి ఆకరములు.

మాండలికశాస్త్రమునకు ధర్మవరము గొప్ప నెలవు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశములు, 1962లో వ్యవసాయమునకును, 1971లో చేనేతకును వెలువడినవి. పడుగు, పేక, నాడె, అచ్చు, ఆసు మున్నగునవి పట్టుచీరతో పాటు నేసిన మాటలు. మగ్గము గుంటలో కూర్చుండు నేతగాడు కాలితో త్రొక్కు చెక్కకును పేరున్నది. మరమగ్గమును నడుపునది విద్యుత్తు. అందు పాదమునకు పని లేదు, ఆ చెక్కకు చోటును లేదు. నేత యిండ్లనుండి వచ్చు విద్యార్థులు మన కళాశాలలో కలరు. దానిని తమ యింట ఏమందురో, హిందూపురము వైపు బంధువులు ఏమందురో, ఉర్దూ మాటలాడు నేతగాండ్రు ఏమందురో వ్రాసికొని వచ్చినచో వచ్చే సంచికలో ఆ పట్టికను ప్రకటింపగోరుచున్నాము.