జి.ఎం. ఆహారాన్ని గుర్తుపట్టడమెలా?

మా గంగవరం చేలో కాసిన టమాటాలు ఓ గంపెడు తీసుకుపోయి మా అమ్మ పలమనేరులో అమ్ముతుంటే, ఒక పెద్దమనిషి వచ్చి కాయను అటూ యిటూ తిప్పి చూశాడు. “అన్నీ ఒకే సైజు, యింత నున్నగా వున్నాయే! యివి జి.ఎం. టమాటాలు గదా?” అన్నాడు. “అదేందో నాకు తెలీదు సామీ. మందు మాత్రం కొట్టినాం” అనింది మా అమ్మ. ఆయన కొనకుండానే పోయాడు. బి.యస్సీ. చదువుతున్న నేను పక్కనే వుండి కూడా నోరు మెదపలేకపోయాను. ఆనాడు చెప్పలేని జవాబే యీ వ్యాసం.

ఆ టమాటాలు జి.ఎం. కావు, హైబ్రిడ్. ఒక టమాటా రకం పుప్పొడిని మరో టమాటా రకం పువ్వుకు అంటిస్తే వచ్చేది హైబ్రిడ్ విత్తనం. ఆ మొదటి తరం మొక్కలన్నీ ఒకే తీరుగా వుంటాయి గనుకనే కాయలూ ఒకే సైజులో కాస్తాయి. వాటి గింజలు మళ్లీ నాటితే గుణాలు చెదిరి ఒక్కో మొక్క ఒక్కో రకంగా వస్తుంది. రైతు ఏటా విత్తనం కొనేది అందుకే.

జి.ఎం. సంగతి వేరు. ప్రయోగశాలలో జన్యువును తీసి మొక్కలో చేర్చుతారు. బి.టి. పత్తిలో చేర్చింది నేలలో వుండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా జన్యువు. దానివల్ల మొక్కలో తయారయ్యే ప్రోటీను కాయతొలుచు పురుగును చంపుతుంది.

2002లో అనుమతి పొందిన ఆ పత్తి ఒక్కటే మన దేశంలో చట్టప్రకారం రైతులు సాగుచేస్తున్న జి.ఎం. పంట. బి.టి. వంకాయను 2010 ఫిబ్రవరిలో కేంద్రం నిలిపివేసింది. జి.ఎం. ఆవాలకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చినా, 2024లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరొక తీర్పు చెప్పారు. జి.ఎం. టమాటా 1994లోనే అమెరికా అంగళ్లకెక్కింది గాని, యిక్కడ దాని సాగుకు అనుమతి లేదు.

మరి సంచి పట్టుకొని అంగడికి పోయినవారు ఏం చూడాలి?

1. కంటితో తేల్చలేము. నునుపు, రంగు, సైజు జి.ఎం. గుర్తులు కావు. గింజలేని ద్రాక్ష, గింజలేని పుచ్చకాయ కూడా జి.ఎం. కావు.

2. పండు మీది స్టిక్కరులో ఐదంకెల సంఖ్య 8తో మొదలైతే జి.ఎం. అని ప్రచారం వుంది. ఆ అంకెను అంగళ్లలో వాడనేలేదు. 9తో మొదలైతే మాత్రం సేంద్రియమని అర్థం.

3. నూనె, చిప్సు, మిక్చరు ప్యాకెట్లను వెనక్కి తిప్పి చదవండి. పత్తిగింజల నూనె అని వుంటే, అది చాలావరకు బి.టి. పత్తిదే. సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్‌ల నుంచి ఎక్కువగా వస్తుంది. అక్కడి సోయా దాదాపు అంతా జి.ఎం. అయితే శుద్ధిచేసిన నూనెలో డి.ఎన్.ఏ., ప్రోటీను దాదాపు మిగలవు. గనుక భయపడవలసిన పని లేదు, తెలుసుకొని కొనాలి అంతే.

4. జి.ఎం. ఆహారమున్న ప్యాకెట్ మీద పైభాగాన ఆ రెండక్షరాలు వేయాలని 2013 జనవరి 1 నుంచి నియమం తెచ్చారు. మా వూరి అంగళ్లలో వెదికితే నాకు ఒక్కదాని మీదా కనబడలేదు.

ఆ పెద్దమనిషి ప్రశ్నించడం తప్పు కాదు. “మందు ఎప్పుడు కొట్టినారమ్మా?” అని అడిగివుంటే మా అమ్మ దాచకుండా చెప్పివుండేది. టమాటాను గురించి అడగవలసిన అసలు ప్రశ్న అదే. విద్యార్థి మిత్రులారా! గంపలోని టమాటాను అనుమానించే ముందు, మన వంటింట్లోని నూనె ప్యాకెట్‌ను ఒకసారి చదువుదాం. పక్కన నిలబడి నోరు మూసుకోకుండా, తెలిసినంత చెబుదాం.