అక్షరములకు ముఖములు

బాలబాలికలారా! ఎదుటనున్న వారితో మనము మాటలాడునపుడు నోరొక్కటియే పలుకదు. కన్నులు పలుకును, కనుబొమలు పలుకును, కంఠస్వరమును పలుకును. "నీవు మహాపండితుడవురా!" అని తండ్రి ముద్దుగా ననిన నది మెప్పు. ఆయనయే పెదవి విరిచి యనిన నది యెత్తిపొడుపు. అక్షరము లొక్కటియే, స్వరము మాత్రము మారినది. ఈ స్వరభేదమును మన యాలంకారికులు 'కాకువు' అనిరి. వ్రాతలో కాకువు వినబడదు. అందువలన నెట్టి చిక్కు కలుగునో మా యింట జరిగిన యీ చిన్న కథ వలన తెలియును.

నా కుమారుని కొడుకు గుడివాడలో చదువుకొనుచున్నాడు. నా కుమార్తెను దివిసీమలో నాగాయలంక దగ్గరి యొక పల్లెకు ఇచ్చితిమి. ఆమె కుమారుడును నా మనుమడును బావ బావమరదులు. దినమున కొక్కసారియైనను ఫోనులో పరిహాసములు వ్రాసికొననిదే వారికి నిద్ర పట్టదు. కొన్నియేండ్ల క్రిందట కార్తికమాసమున వానలు పట్టినవి. బంగాళాఖాతమున అల్పపీడన మేర్పడినదని రేడియోలో చెప్పిరి. మావాడు వెంటనే బావకు ఇట్లు వ్రాసెను: "బావా! సముద్రం మీ ఊరికి బయలుదేరిందట. వాకిట్లో ముగ్గులు పెట్టించు."

ఆ సమయమున బావ ఇంట లేడు. అతని చిన్న చెల్లెలు ఆ మాటలను నాయనమ్మకు బిగ్గరగా చదివి వినిపించినది. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచివేసిన ఉప్పెనలో వేలకొలది జనులు మరణించిరి. ఆ రాత్రి ఆమె తన తోడబుట్టినవారి నిరువురిని పోగొట్టుకొన్నది. ఆ మాట చెవిని బడగనే ఆమె మరియొకరి నడుగలేదు. పిల్లను చంకబెట్టుకొని, వానలో తడియుచు తుఫాను షెల్టరునకు నడచిపోయి, చీకటిపడి కొడుకు వచ్చువరకు అచటనే కూర్చుండెను.

మరునాడు నేను మనుమని వెంటబెట్టుకొని చల్లపల్లి, అవనిగడ్డల మీదుగా వారి యింటికి వెళ్లితిని. వాడు ఆమె పాదములకు నమస్కరించి, "మామ్మగారూ! నవ్వులాటకే రాశానండీ" అని కన్నీరు పెట్టుకొనెను. ఆమె వాని తల నిమిరి, "నవ్వులాటని నాకెట్లా తెలుస్తుంది నాయనా? నీ నవ్వు ఆ ఫోనులో లేదుగా!" అనెను.

తిరిగి వచ్చునపుడు బస్సులో వాడు, "తాతయ్యా! చివర నవ్వు గుర్తు పెట్టి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు కదా?" అని అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న ఆ గుర్తు పుట్టుక తెలియవలెను.

అమెరికా దేశమున పిట్స్‌బర్గు నగరమందు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము కలదు. అచటి వారు కంప్యూటరు ద్వారా ఒకరికొకరు ప్రకటనలు వ్రాసికొనుచుండెడివారు. 1982వ సంవత్సరమున ఒకరు, లిఫ్టులో పాదరసము చిందినదనియు, కొంత కాలినదనియు పరిహాసమునకు హెచ్చరిక వ్రాసిరి. కొందరు దానిని నిజమని నమ్మిరి. చూచితిరా! మావాని కథయు ఆ కథయు ఒక్క తీరుననే యున్నవి. అపుడు స్కాట్ ఫాల్మన్ అను ఆచార్యుడు ఆ యేడు సెప్టెంబరు 19వ తేదీన ఒక యుపాయము సూచించెను. పరిహాసపు మాటల చివర :-) అనియు, పరిహాసము కానిచోట :-( అనియు వ్రాయుడని దాని భావము. ఈ రెండవ గుర్తు కాలక్రమమున విచారమును తెలుపునదైనది. ఆ తొలి ప్రకటన చిరకాలము కనబడకపోగా, 2002లో పాత టేపులను వెదకి దానిని వెలికితీసిరి.

ఇంతకు పూర్వమే, 1881లో, 'పక్' అను అమెరికా పత్రిక అచ్చు గుర్తులతో నాలుగు ముఖములను కూర్చి వినోదార్థము ప్రకటించెను. కావున ఊహ పాతదే; అవసరము క్రొత్తది.

ఈ గుర్తును చేయుట సులభము. మన విసర్గము వలె ఒకదానిపై నొకటి నిలిచిన రెండు చుక్కలు కన్నులు. చిన్న గీత ముక్కు. కుండలీకరణము నోరు. తలను ఎడమకు వంచి చూచిన ముఖము కానవచ్చును. క్రింది చుక్కకు తోక చేర్చి ;-) అని వ్రాసిన అది కన్నుగీటుట. తల వంచుట యెందులకని జపానువారు (^_^) అని నిటారుగా నుండు ముఖములను కల్పించిరి. కోపముగా గ్రుడ్లురిమి చూచుటకు కన్నడ ఠకారమును దేశదేశములవారు వాడుచున్నారు. మన ఠకారమును దానిని పోలినదే గదా! ఠ_ఠ అని వ్రాసి చూడుడు. పాఠము చదువని శిష్యుని చూచు ఉపాధ్యాయుడు మీకు ప్రత్యక్షమగును. 1999లో జపానునందు షిగెటాకా కురిటా 176 చిన్న బొమ్మలను ఫోనుల కొరకు రచించెను. వానినే 'ఎమోజీ' లందురు. జపాను భాషలో 'ఎ' యనగా చిత్రము. 'మోజి' యనగా అక్షరము.

ఇక మనుమని ప్రశ్నకు వత్తము. ఆ దినమున వాడు గుర్తు పెట్టినను ఫలముండెడిది కాదు. ఏలయన, చదివినది పసిపిల్ల, విన్నది వృద్ధురాలు. ఆ గుర్తు కంటికే కాని చెవికి అందదు. అంతేకాదు, ముఖచిహ్నము మన భావమును తెలుపునే కాని, ఎదుటివారి గాయమును మాన్పలేదు. మన జిల్లాలోని కూచిపూడి నర్తకులను చూడుడు. వారు చూపుతోనే శోకమును, శృంగారమును, కోపమును తెలుపుదురు. కాని వారును ముందుగా సభ నెరిగి, సందర్భమెరిగి, పిమ్మట కన్ను కదుపుదురు. వ్రాయువాడును అట్లే చదువువారి నెరిగి వ్రాయవలెను. ఉప్పెన చూచిన యింట ఉప్పెనతో పరిహాసము తగదు. దానికెన్ని నవ్వు గుర్తులు చేర్చినను తగదు.

మావాడు ముఖచిహ్నములు వ్రాయుట మానలేదు; మానవలసిన పనియు లేదు. కాని వాన పట్టిన నాడు మాత్రము ఫోను చేసి, "మామ్మగారూ! అక్కడ ఎలా ఉందండీ?" అని స్వయముగా పలుకరించుచున్నాడు. ఆ కంఠస్వరము విని ఆమె నవ్వును.

ప్రశ్నలు

1. 'కాకువు' అనగా నేమి? మీ సంభాషణ నుండి ఒక యుదాహరణ మిండు.
2. 1982లో ఫాల్మన్ సూచించిన యుపాయమునకు కారణమేమి?
3. నవ్వు గుర్తు పెట్టినను ఫలముండదని తాతగారు ఎందుకు చెప్పిరి?
4. తెలుగు లిపిలోని అక్షరములతో రెండు ముఖచిహ్నములను కల్పించి, వాని భావములను వ్రాయుడు.