కృపావరముల వినియోగము

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయమున స్వస్థతావరముతోపాటు ఉపకారము, కార్యనిర్వహణ కూడ కృపావరములుగా పేర్కొనబడినవి. చదువరులు వీటిని తరచుగా దాటిపోవుదురు.

అమెరికాలో భూముల సర్వేపని నేర్చిన జాన్ ఎవరెట్ క్లౌ దొర ఒంగోలులో బాప్తిస్టు మిషనరీ. 1876-78 నాటి కరవు అనేకులను ఓడలెక్కించి పరదేశపు తోటలకు పంపెను. ఆ కరవులోనే ఆయన బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో సుమారు మూడు మైళ్లు గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. తెలుగు బోధకులు కూలీల నడుమ కూర్చుండి వాక్యము చెప్పిరి. కొలత ఒకరి వరము, నోటిమాట మరియొకరి వరము.

అన్నమునకై మతము పుచ్చుకొందురేమోయని దొర నెలల తరబడి బాప్తిస్మములు నిలిపివేసెను. వివేచనయు వరమే గదా! 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన ఆరుగురును తెలుగు బోధకులే. వంతులవారీగా ఇద్దరేసి నీట దిగిరి.